విప్పని మూడో కట్టు

నేను మోస్తున్న బరువు నన్ను కుంగదీయలేదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే. దాన్ని మోస్తూనే నలభై ఏళ్ళకు పైగా అన్నం తిన్నాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లల్ని పెంచాను, నలుగురిలో మంచివాడినని అనిపించుకున్నాను. ఒక్క రోజైనా అది నన్ను కింద పడేసి ఉంటే, ఎవరో ఒకరి ముందు కూర్చుని కక్కేసి ఉండేవాణ్ణి. పడేయలేదు. నా పక్కనే నడుస్తూ వచ్చింది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. ఎదురుగా కూర్చుని చెప్పే ధైర్యం ఉంటే ఈ కాగితాలతో పనే ఉండేది కాదు. వినండి, చాలు. మధ్యలో నేను తప్పించుకోవాలని చూస్తాను. అది నాకు అలవాటు. అక్కడ మాత్రం నన్ను నమ్మకండి.

మొన్నొక సాయంత్రం రేడియోలో నలుగురు పెద్దమనుషులు మాట్లాడుకున్నారు. కుర్రకారు ఎవరికి ఓటేస్తారు, ఏం చూసి వేస్తారు అని చర్చ. ఒకాయన కులం అన్నాడు. ఒకాయన పత్రికలు అన్నాడు. ఇంకొకాయన తండ్రి మాట అన్నాడు. నాలుగో ఆయన అందరూ చెప్పింది నిజమే అన్నాడు, అలాంటివాడు ప్రతి చర్చలోనూ ఒకడుంటాడు. నా భార్య చేటలో కందిపప్పు ఏరుకుంటూ, "మీ కాలంలో మీరేం సూసి వేసినారు?" అని అడిగింది. ఊరికే, తమాషాకే అడిగింది. నేను మంచినీళ్ళు తాగే నెపంతో లోపలికి వెళ్ళి, చాలాసేపు బయటికి రాలేదు.

నేనేం చూసి వేశాను? ఒక కుర్చీని చూసి వేశాను. నవ్వకండి. చెబుతాను.

వడమాలపేటకు కోసెడు దూరంలో మా పల్లె. ఎముకలకు పుత్తూరు కట్టు అన్న పేరు మీరు వినే ఉంటారు. ఆ పేరున్న ఇల్లు మాది కాదు. మా మేనమామ ఎవరి దగ్గరో కొన్నేళ్ళు చాకిరీ చేసి ఆ విద్య నేర్చుకొచ్చాడు. పుత్తూరు దాకా పోలేనివాళ్ళు, దారిలో నొప్పికి తాళలేనివాళ్ళు మా వాకిట్లో బండి దిగేవారు. మామకు కొడుకులు లేరు. చిన్నప్పుడే నాయన పోయిన నన్ను తెచ్చి పెంచుకున్నాడు. నేను స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పాక, ఇక నా చేతికి వెదురు బద్దలూ పాతగుడ్డలూ ఇచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. మొదటి కట్టు విరిగిన ఎముకను కూర్చడానికి. వాపు దిగాక రెండోది. ఎముక అంటుకోవడం మొదలయ్యాక మూడోది. మోకాలి దగ్గర విరిగిన కాలికైతే మూడో కట్టును సరిగ్గా వేళకు విప్పడమే అసలు విద్య. విప్పిన రోజు నుంచే గోరువెచ్చని నూనె రాసి మోకాలు వంచాలి. రోగి ఏడుస్తాడు. తిడతాడు. మమ్మల్ని కొట్టినవాళ్ళు కూడా ఉన్నారు. అయినా రోజూ వంచాలి. ఆలస్యం చేస్తే కీలు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఏ నూనె రాసినా వంగదు. ఇదంతా నాకు అప్పటికే బాగా తెలుసు. తెలియక చేసిన తప్పని మీరు నా మీద జాలిపడకూడదని ముందే చెబుతున్నాను.

మునిరత్నం నా స్నేహితుడు. నగరిలో నేతవాళ్ళబ్బాయి. రోజూ రైల్లో పుత్తూరు హైస్కూలుకు వచ్చేవాడు, ఇద్దరిదీ ఒకే బెంచీ. నేను తప్పిన పరీక్షలో అతను ఫస్టుగా పాసయ్యాడు. ఎక్కడైనా గుమాస్తాగా చేరతాడని అందరూ అనుకున్నారు. ఇంట్లో రెండు మగ్గాలు, తండ్రికి ఉబ్బసం. తిరిగి వెళ్ళి మగ్గం గుంటలోకి దిగాడు. గుంటమగ్గం నేసేవాడు నేలలో తవ్విన గుంటలోకి రెండు కాళ్ళూ దింపి, చెక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ నేస్తాడు. చేతులెంత పని చేస్తాయో కాళ్ళూ అంతే. రత్నం కాళ్ళు ఆడుతుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. ఎన్నికలొచ్చాయి. ఆ రోజుల్లో అందరికీ ఓటు లేదు. పన్ను కట్టేవాళ్ళకుండేది, లేదా ఇరవై ఒకటి నిండి చదవడం రాయడం వచ్చని రుజువు చేసుకున్నవాళ్ళకు ఇచ్చేవారు. రత్నం తన వీధి కుర్రాళ్ళను పోగేసి, మధ్యాహ్నం మగ్గాలు ఆగిన వేళల్లో అక్షరాలు దిద్దించాడు. దరఖాస్తులు నింపి, వాళ్ళను వెంటబెట్టుకుని తాలూకా కచేరీకి తీసుకెళ్ళాడు. అధికారి ముందు నేతకుర్రాళ్ళు ఒక్కొక్కరే చెమటలు కక్కుతూ పేరు రాసి, నాలుగు లైన్లు చదివి, జాబితాలో ఎక్కారు. ముప్ఫై నలభై మంది ఉంటారు. నా దరఖాస్తు కూడా రత్నమే నింపాడు. నా మొదటి ఓటు నాకు ఇప్పించింది అతనే.

ప్రతి అభ్యర్థికీ ఒక రంగు పెట్టె. ఖద్దరువాళ్ళది పసుపు. చిత్తూరు వకీలు ఒకాయన స్వతంత్రంగా నిలబడ్డాడు, ఆయనది నీలం. ఆయన పేరు రాయను. ఇన్నాళ్ళూ తప్పంతా ఆయన మీదికి తోసి బతికాను, ఇక తోయను.

ఆ వకీలు తల్లికి మణికట్టు విరిగితే మా ఇంటికి తీసుకొచ్చాడు. మా వాకిట్లో ఉన్నది ఒకటే కుర్చీ. పెద్దమనుషులకు వేసేది. నేనెప్పుడూ అందులో కూర్చోలేదు, కూర్చోవచ్చన్న ఆలోచన కూడా రాలేదు. ఆయన వచ్చి అరుగు మీద చతికిలబడి, ఆ కుర్చీని నావైపు జరిపాడు. "కూచో అప్పా డాక్టరూ, ఎంతసేపని నిలబడతావు?" అన్నాడు. డాక్టరూ అన్నాడు! రెండుసార్లు పరీక్ష తప్పినవాణ్ణి, మామ అరుపులకు ఉలిక్కిపడేవాణ్ణి. నేను కూర్చున్నాను. ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆయన గెలిస్తే మద్రాసులో ఏదో ఆసుపత్రిలో కట్లు కట్టే పని చూపిస్తానని కూడా అన్నాడు. ఉద్యోగం కోసమే ఇదంతా చేశానని కొన్నేళ్ళపాటు నాకు నేను చెప్పుకున్నాను. ఆకలికి చేసిన పని అనుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది కదా. కాదు. ఆ కుర్చీ కోసమే చేశాను.

అది జరిగిన కొద్ది రోజులకే రత్నం కాలు విరిగింది. తిరుపతిలో ఏదో సభకని సైకిల్ మీద పోతూ మా ఊరి కల్వర్టు దగ్గర గుంటలో పడ్డాడు. మోకాలికి కాస్త కిందగా విరిగింది. మామ కూర్చాడు. తొడ మధ్య నుంచి చీలమండ దాకా కట్టు వేశాడు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. రత్నం పళ్ళు బిగబట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకు నా వేళ్ళు రెండు రోజులు నొప్పి పెట్టాయి.

మా ఇంటి వెనక గదిలోనే మంచం వేశాం. వాళ్ళమ్మ రెండు మూడు రోజులకోసారి రైల్లో వచ్చేది, రాగిముద్దలూ శెనక్కాయల ఊరుబిండి పచ్చడీ తెచ్చేది. పోతూ పోతూ నా రెండు చేతులూ తన కళ్ళకద్దుకునేది.

రత్నం పడుకునే ఎన్నికల గురించి మాట్లాడేవాడు. ఒకరోజు అన్నాడు: "సభల్లో ఎవురేం సెప్పినా మావోళ్ళు చప్పట్లు కొడతారప్పా. చప్పట్లకేముంది. ఓటు మాత్రం పడుగు కాడ తేలిపోతాది." నగరి వీధుల్లో తెల్లవారగానే పొడుగాటి దారాలు గుంజల మధ్య సాగదీసి గంజి పట్టిస్తారు. దాన్నే పడుగు అంటారు. ఒక ఇంటి పడుగుకు పది ఇళ్ళ కుర్రాళ్ళు సాయం వస్తారు. అటొకరు ఇటొకరు నిలబడి, చేతులాడిస్తూ, ఊళ్ళో సంగతులన్నీ అక్కడే తేలుస్తారు. అక్కడ తమలో ఒకడు, తాము నమ్మినవాడు, ఒక మాట అంటే అదే అందరి మాట. ఆ వీధిలో ఆ ఒకడు రత్నం. రేడియోలో నలుగురు పెద్దమనుషులూ తేల్చలేనిదాన్ని అతను మంచం మీద నుంచి నాకు రెండు ముక్కల్లో చెప్పేశాడు. అది విన్నవాణ్ణి కాబట్టే నాకు దారి దొరికింది.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. యుద్ధకాలం నుంచీ నూలును రేషను కార్డుల మీద ఇచ్చేవారు, అదీ సరిగా రాదు. వీధిలో సగం మగ్గాలు ఖాళీ. వకీలు తనను గెలిపిస్తే నూలు తెప్పిస్తానంటున్నాడు. ఆ నూలు డిపో నడిపేది వకీలు బావమరిదే. నగరికి రావలసిన బేళ్ళు రైలెక్కి మద్రాసు పోవడం రత్నం తన కళ్ళతో చూశాడు. పోలింగు ముందురోజు వీధిలో ఆ మాట చెబుతానన్నాడు. ముందే చెబితే నోరు మూయిస్తారని, ఇంకొకరి నోట పంపితే నమ్మరని, తానే వెళ్ళాలని.

నాకు కోపం వచ్చింది. వకీలు మీద రాలేదు. రత్నం మీద వచ్చింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన ఒకే ఒక్క మనిషిని వీడు దొంగను చేస్తున్నాడే అనిపించింది. ఎంత వింతగా ఉందో చూడండి. నూలు లేక పస్తులున్న ఇళ్ళు నాకు కనబడలేదు.

అప్పుడే మామకు కార్వేటినగరం నుంచి బండి వచ్చింది. అక్కడొక పెద్దరైతు ఇంట్లో ముసలావిడకు తుంటి విరిగింది, కొన్నాళ్ళు అక్కడే ఉండి చూడాలన్నారు. మామ వెళ్తూ రత్నానికి మూడో కట్టు వేసి, నన్ను వాకిట్లోకి పిలిచి చెప్పాడు. "వచ్చే శుక్రవారం కట్టు ఇప్పాల. ఇప్పినాక దినామూ మోకాలు వొంచాల. వాడు ఏడిసినా ఇడవద్దు." సరే అన్నాను. ఆ శుక్రవారానికీ ఓట్ల రోజుకూ మధ్య ఇరవై రోజులు. వేళకు విప్పి వంచితే, రత్నం కర్ర పట్టుకుని బండెక్కి నగరి పోగలడు.

మామ వెళ్ళిన మర్నాడు వకీలు అటుగా పోతూ దిగాడు. తల్లి చెయ్యి బాగుందని చెప్పాడు. మళ్ళీ నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. లేస్తూ లేస్తూ, రత్నం ఉన్న వెనక గది వైపు చూసి, "మీవాడు నడిసేసరికి ఓట్లు అయిపోతాయేమో గదా, డాక్టరూ?" అన్నాడు. అంతే. ఆయన నన్ను ఏమీ అడగలేదు, ఏమీ పురమాయించలేదు. ఒక మామూలు ప్రశ్న వేశాడు. నేను ఆయన ముఖంలోకి చూసి, "అయిపోతాయి సార్" అన్నాను.

శుక్రవారం వచ్చింది. నూనె వెచ్చబెట్టాను. గిన్నె తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. రత్నం నన్ను చూసి లేచి కూర్చున్నాడు, పెళ్ళికి బయల్దేరుతున్నవాడిలా ముఖమంతా నవ్వు. కట్టు ముడి మీద చెయ్యి వేశాను. బద్దల సందుల్లోంచి తడిమాను. ఎముక కుదిరింది. నా వేళ్ళకు స్పష్టంగా తెలుస్తోంది. అలా ఎంతసేపు ఉన్నానో. "ఇంకా అతకలేదు రత్నం. ఇప్పుడు విప్పితే జారిపోతుంది" అన్నాను. విప్పకపోగా ఇంకాస్త బిగించాను.

అతని ముఖంలో నవ్వు పోయింది. కానీ అనుమానం రాలేదు. "నువ్వు సెప్తే సరేలే" అన్నాడు.

ఒక్క రోజే కదా అనుకున్నాను. రేపు విప్పుదాం. మర్నాడూ అదే అనుకున్నాను. వారం అయింది. రెండు వారాలయింది. నేను ఏమనుకున్నాను నిజంగా? కాలు పోతుందని అనుకోలేదా? అనుకున్నాను. రోజూ అనుకున్నాను. అనుకుంటూనే అతనికి ముఖం కడిగించాను, అన్నం పెట్టాను, పక్క సర్దాను, పత్రిక చదివి వినిపించాను. అంత బాగా నేను ఏ రోగినీ చూసుకోలేదు. ఏం మనిషిని నేను? చేతులు రెండూ నావే కదా. ఒక చెయ్యి అన్నం కలిపి పెడుతూ ఉంటే రెండో చెయ్యి కట్టు బిగిస్తూ ఉందా?

ఓట్ల రోజు దగ్గరపడింది. రత్నం వాళ్ళమ్మతో కబురంపాడు. నడవలేకపోయినా సరే, ముందురోజు బండి కట్టుకుని వచ్చి తనను మోసుకుపొమ్మని కుర్రాళ్ళకు. ఓట్లకు ముందురోజు పొద్దున నొప్పికని చెప్పి రత్నానికి కాస్త నల్లమందు ఇచ్చాను. మామ పెద్ద నొప్పులకు మాత్రమే వాడేది. అతనికి ఆ రోజు అంత నొప్పి లేదు.

మధ్యాహ్నానికి బండి వచ్చింది. ఆరుగురు కుర్రాళ్ళు దిగారు. వాళ్ళలో పెద్దవాడు సుబ్రమణి, రత్నం దగ్గర మొదట అక్షరాలు నేర్చుకున్నవాడు. తలుపు సందులోంచి వాళ్ళను చూడనిచ్చాను. రత్నం మందు మత్తులో ఉన్నాడు, కాలు నిలువునా కట్టులో ఉంది. బండి కుదుపుకు ఎముక జారితే కాలు కోసేయాల్సి వస్తుందని చెప్పాను. వాళ్ళు భయపడిపోయారు. చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వాకిట్లోకి వచ్చారు.

సుబ్రమణి అడిగాడు: "రత్నన్న మాకేమన్నా సెప్పమన్నాడా అన్నా?"

ఇక్కడ ఆగాను. నిజంగా ఆగాను. ఏమీ చెప్పలేదని అన్నా సరిపోయేది. వాళ్ళు తమకు తోచినట్టు వేసుకునేవాళ్ళు.

"నీలం పెట్టె అన్నాడు."

"నీలమా? వకీలుదా?"

"నూలు తెప్పించేది ఆయనే అన్నాడు. మీతో అట్లే చెప్పమన్నాడు."

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రత్నన్న అన్నాడంటే అన్నాడే. ఖాళీ బండి తోలుకుని వెళ్ళిపోయారు.

నేను లోపలికి వచ్చేసరికి రత్నం కళ్ళు తెరిచి ఉన్నాడు. పైకప్పు చూస్తున్నాడు.

"ఎవురన్నా వచ్చినారా?"

"ఎవరూ రాలేదే."

"బండి సద్దయినట్టుండె."

"గడ్డిబండి."

రత్నం "అట్నా" అని గోడవైపు తిరిగాడు. ఆ అట్నా, అలాగా అన్న ఆ ఒక్క మాట, నాకు ఇన్నేళ్ళుగా వినబడుతూనే ఉంది. బస్సులో ఎవరైనా ఆ మాట అంటే తల తిప్పి చూస్తాను. భోజనం చేస్తుంటే మా కోడలు ఫోనులో అంటుంది, ముద్ద దిగదు. అతను విన్నాడా? మత్తులో ఉన్నాడా? వింటే ఎందుకు కేక వేయలేదు? ఇదే ప్రశ్న తిప్పి తిప్పి అడుక్కున్నాను.

మర్నాడు నేనూ వెళ్ళి ఓటేశాను. నీలం పెట్టెలోనే. రత్నం ఇప్పించిన ఓటు.

మరో నాలుగు రోజులకు మామ తిరిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని నేరుగా వెనక గదిలోకి వెళ్ళి కట్టు చూశాడు. కట్టు తనదే, ముడి తనది కాదని చూడగానే తెలిసిపోయింది. విప్పాడు. మోకాలి కింద చెయ్యి పెట్టి ఎత్తాడు. కాలు కట్టెలా లేచింది. మామ నావైపు చూడలేదు. నూనె తెమ్మన్నాడు. ఆ రోజు, ఆ తర్వాత నెల రోజులు, ఆయన వంచుతూనే ఉన్నాడు, రత్నం కేకలు పెడుతూనే ఉన్నాడు. ఏదో కొద్దిగా కదిలింది. అంతకుమించి రాలేదు.

మామ రత్నంతో చెప్పాడు: "ఎముక చెడ్డగా ఇరిగింది నాయనా. కాలు నిలిచిందే గొప్ప. ఈడు కదలనీకుండా కట్టినాడు కాబట్టి నిలిచింది." ఇంటి పేరు కాపాడుకోవడానికి అన్నాడో, నన్ను కాపాడటానికి అన్నాడో తెలియదు. ఆ సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి, నా రెండు చేతులూ పట్టుకుని కాసేపు చూశాడు. "ఇంక ఈ చేతులతో ఎవురి ఒళ్ళూ ముట్టొద్దు" అన్నాడు. ఎందుకు చేశావని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. ఆయన పోయేదాకా మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు.

వకీలు ఓడిపోయాడు. మామూలుగా కాదు, చిత్తుగా. పసుపు పెట్టె ఎక్కడ చూసినా పొంగిపొర్లింది. నగరి కుర్రాళ్ళ ఓట్లు నీలంలో పడినా, బావిలో పడినా ఒకటే అయింది. నేను తీసిన కాలు ఎవరికీ దేనికీ పనికి రాలేదు. వకీలు మళ్ళీ మా ఊరివైపు రాలేదు. నేను తిరుపతికి వెళ్ళి ఒక బట్టలకొట్టులో చేరాను.

రత్నం కాలు మగ్గం గుంటలోకి దిగలేదు. వంగని కాలితో చెక్కలు తొక్కడం ఎలా? ఇంట్లో ఆడవాళ్ళు చేసే పని, రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టడం, అదే బతుకంతా చేశాడు. ఇరవై మూడేళ్ళ వయసులో మొదలుపెట్టి. వీధిలో కుర్రాళ్ళు కూడా అతని దగ్గరికి రావడం మానేశారని విన్నాను. నూలు డిపో సంగతి బయటపడ్డాక, వకీలుకు అమ్ముడుపోయాడని అనుకున్నారట. తర్వాత అందరికీ ఓట్లొచ్చాక కూడా, పడుగు దగ్గర ఎవరూ అతని మాట అడగలేదట.

ఎప్పుడో ఒకసారి పుత్తూరు స్టేషన్లో ఎదురుపడ్డాడు. కర్ర ఊతంగా, కాలు ముందుకు విసురుతూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. పక్కనున్న కొడుకుతో, "ఈయనే రా నా కాలు నిలబెట్టింది. దండం పెట్టు" అన్నాడు. ఆ పిల్లవాడు వంగి నా కాళ్ళకు దండం పెట్టాడు. నేను ఆశీర్వదించాను. అవును, చెయ్యెత్తి ఆశీర్వదించాను.

పోయిన ఏడాది రత్నం చనిపోయాడు. కబురు తెలిసి పెద్దకర్మకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? అతను ఇక అట్నా అనడని ఖాయం చేసుకోవడానికా? వచ్చినవాళ్ళు వెళ్ళాక అతని భార్య నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట చెప్పేసింది.

"ఆయన ఎవురికీ సెప్పొద్దన్నాడు. ఇప్పుడు ఆయనే లేడు గదా. ఆ పొద్దు మీరు కుర్రోళ్ళతో ఏమన్నారో ఆయన మంచం మింద నుంచి ఇన్నాడంట. తర్వాత సుబ్రమణి వాళ్ళు వచ్చి, నువ్వే సెప్పినావా అని అడిగితే, అవునబ్బా, నేనే సెప్పినా, బుద్ధి గడ్డి తిని సెప్పినా అన్నాడంట. నేను అడిగినాను, ఎందుకు నెత్తిన ఏసుకుంటివి అని. వాడు నా కాలు నిలబెట్టినోడు, వాణ్ణి బజారుకీడిస్తే నాకు అన్నం సయిస్తాదా అన్నాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీ మింద మాకేం లేదు" అంది.

విన్నారా? అతను విన్నాడు. కేక వేయలేదు. నేను వాళ్ళతో చెప్పిన అబద్ధాన్ని తన అబద్ధంగా మోశాడు. తన వీధిలో తన పేరు పోగొట్టుకున్నాడు. దేనికి బదులుగా? నేను నిలబెట్టానని అతను నమ్మిన కాలికి బదులుగా.

అప్పుడు చెప్పాల్సింది. ఆమె ముందు, ఆ నిమిషాన. అమ్మా, నేను నిలబెట్టలేదు, నేనే చెడగొట్టాను అని. ఆమె లేచి వెళ్ళి విస్తరి వేసింది. నేను కూర్చుని తిన్నాను. రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

చెప్పకపోవడం ఆమె మంచికే అని దారంతా అనుకున్నాను. చనిపోయినవాడు నమ్మినదాన్ని ఇప్పుడు కదిలించి ఏం లాభం అని. చూశారా, మళ్ళీ తప్పించుకుంటున్నాను. ఆమె మంచి కోసం కాదు. ఆమె నన్ను చూసే చూపు మారకూడదని.

ఆమె ఇంకా నగరిలోనే ఉంది. ఈ కాగితాలు ఆమెకు ఇస్తానో లేదో తెలియదు. ఇవ్వననే అనుకుంటున్నాను, నా సంగతి నాకు తెలుసు. మీరు నన్ను క్షమించకండి. క్షమించడానికి అది మీ కాలు కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోటితో అనని మాట ఒకటుంది, అది రాసి ఆపేస్తాను. మునిరత్నం కాలు అతికింది. శుక్రవారానికే అతికింది. నా వేళ్ళకు తెలిసింది. తెలిసీ విప్పలేదు.